నీళ్ళు తాగమన్న మందుచీటీ

నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కారాలతో రాస్తున్నది. నేనూ అమ్మా ఇక్కడ క్షేమమే. మీరూ, మీ వెల్డింగు కళ్ళద్దాలూ, మీ గదిలో గురకపెట్టి గోడలు కదిలించే క్రేను డ్రైవరుగారూ అక్కడ క్షేమమని తలుస్తాను. ‘క్షేమమే’ అని రాశాక కలం కాసేపు ఆగింది. అది పెద్ద అబద్ధం కాదు, అలాగని నిండు నిజమూ కాదు. ఈ మధ్య నాకు అలాంటి మాటలు బాగా అలవాటయ్యాయి. ఎందుకో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం సామాన్ల లారీలో వచ్చి, ఊరి పోస్టాఫీసులో రెండు రోజులు నిద్రపోయి, చివరికి మా చేతికొచ్చింది. కవరు మీద గ్రీజు మరక చూసి అమ్మ, “మీ నాన్న ఉత్తరమే, సంతకం కూడా చెయ్యక్కర్లేదు” అంది. మీ పైపులైను వేసే చోట ఫోను పలకదు కాబట్టి ఇవన్నీ కాగితం మీద పెడుతున్నాను. ఒకందుకు అదే మంచిదయింది. ఫోనులో అయితే మీరు “ఊఁ, చెప్పు” అనగానే నేను మాట మార్చేసేదాన్ని.

మీరడిగిన వాటికి జవాబులు. ఉన్ని మేజోళ్ళు అందాయి. అమ్మ తొడుక్కుంది, నాకు వదులయ్యాయి. కిటికీ సందుకి ఇంటివాళ్ళు చెక్క కొట్టించారు, ఇప్పుడు గాలి ఈల వెయ్యడం లేదు. మా పైవాటాలో వాళ్ళు ఇంకా కుర్చీలు ఈడుస్తూనే ఉన్నారు. “పైన రోజూ పెళ్ళిచూపులేమోనే, వచ్చినవాళ్ళని కూచోబెట్టడమే సరిపోతోంది” అంటుంది అమ్మ. సెలవులకి మేం అక్కడికి వస్తామా రామా అని అడిగారు. అది తర్వాత రాస్తాను.

చదువు బాగానే సాగుతోంది. బాగానే అనడం తక్కువ నాన్నా. ఇక్కడి భాష చెప్పే టీచరు మాకు వారానికో పని ఇస్తారు. ఒక వస్తువుని దాని పేరు ఎత్తకుండా పేజీడు వర్ణించాలి, విన్నవాళ్ళు అదేమిటో పోల్చుకోవాలి. నేను గొడుగు గురించి రాశాను. ‘ఆకాశానికీ మనకీ మధ్య నిలబడే ఒంటికాలి చుట్టం’ అని మొదలుపెట్టాను. తరగతిలో నాతో రెండుసార్లు చదివించారు. గొడుగుని గొడుగంటే పోయేదానికి ఇంత డొంకతిరుగుడు దేనికని మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ ఇక్కడికొచ్చిన కొత్తలో రొట్టెల దుకాణంలో వేలు చూపించి కొనుక్కున్న పిల్లని కదా నేను. ఇప్పుడు కొత్త మాట ఒకటి చెవిన పడితే దాన్ని ఇంటిదాకా నోట్లో చప్పరించుకుంటూ వస్తాను. పేరు చెప్పకుండా చుట్టూ తిరిగే విద్య నాకు ఇంత బాగా అబ్బుతుందని అనుకోలేదు.

ఇక అసలు ప్రశ్న. మీరు కలం అదిమి రాసిన పేరా. “దగ్గితే ఆగట్లేదు, బరువెత్తితే ఆగట్లేదు అని వెళ్ళిన మనిషికి, రోజంతా నీళ్ళు తాగు, తాగకపోతే ఊరుకోను అని రాసిచ్చిన డాక్టరు ఎవరమ్మా? పైపు కారుతుంటే వాల్వు కట్టేస్తాం గాని ఇంకో మోటారు ఆన్ చేస్తామా? ఆవిడకి మతుందా? నువ్వేం చేస్తున్నావు అక్కడ? ఇంట్లో గంగాళమంత నోరు కదా నీది, అక్కడ తాళం వేశావా? మళ్ళీ వెళ్ళి అడుగు.”

ఆ రోజు చీటీ పట్టుకుని బయటికి రాగానే అమ్మ కూడా అచ్చం మీలాగే అంది. మీరిద్దరూ ఒకరి మాట ఒకరు చూసి రాసినట్టుంది. నీళ్ళలో కలుపుకునే పొడి పొట్లాలు, పక్కనే సీసా ఉంచుకుని పని మధ్యలో కూడా తాగుతూ ఉండాలని సలహా. చీటీలో ఉన్నది అంతే. అమ్మ వీధిలోనే ఆగిపోయింది.

“కారే కుండకి ఇంకో బిందె పొయ్యమందా? అన్నీ సరిగ్గా చెప్పావా నువ్వు?”

“చెప్పానమ్మా.”

“నవ్వితే కూడా అని చెప్పావా?”

“చెప్పాను.”

“అయితే ఏదో కారణం ఉంటుందిలే. అంత చదువుకున్నావిడ ఊరికే రాస్తుందా? నువ్వూ పక్కనే ఉన్నావు కదా.”

ఆ చివరి మాట నాన్నా, ‘నువ్వూ పక్కనే ఉన్నావు కదా’ అన్నది. దాన్ని నమ్ముకునే అమ్మ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. చేదుమందు మింగినట్టు కళ్ళు మూసుకుని తాగేది. పనికి వెళ్ళేటప్పుడు సీసా సంచిలో పెట్టుకునేది. రాత్రి బట్టలు విడిగా నానబెట్టుకునేది. నేను ఉతుకుతానంటే, “ముట్టుకోకు, నేను చూసుకుంటా” అనేది.

తర్వాత లాండ్రీలో జరిగింది మీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

హోటళ్ళనుంచి వచ్చే దుప్పట్లు ఉతికాక యంత్రంలోంచి తీసి బండిలో వెయ్యాలి కదా. తడి దుప్పట్ల మూట ఇద్దరు ఎత్తితే గాని లేవదు. అమ్మా, అమ్మ ‘పొడుగావిడ’ అని పిలిచే తోటి పనావిడా కలిసి మూట లేపారు. సగం లేచేసరికి అమ్మకి అయిపోయింది. కొంచెం కాదు. చెప్పుల్లోకి, నేలమీదికి. అమ్మ మూట వదల్లేదట, వదిలితే పొడుగావిడ నడుం విరుగుతుందని. బండిలో వేసి అలాగే నిలబడిపోయింది.

అప్పుడే వాళ్ళ సూపర్వైజరు అటు వచ్చి నేలమీద తడి చూసి, యంత్రం కారుతోందని కేకలు పెట్టిందట. మెకానిక్కుని పిలిచారు. అతను వచ్చి యంత్రం వెనక్కి దూరాడు, గొట్టాలు తడిమాడు, రబ్బరు చుట్టలు ఊడదీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. “ఇది కారట్లేదండీ, ప్రమాణం చేసి చెప్తున్నా” అంటాడట. “మరి నీళ్ళెక్కడివి, ఆకాశంలోంచి పడ్డాయా?” అని సూపర్వైజరు. పాపం అతను మళ్ళీ మొదటినుంచీ విప్పాడు. పొడుగావిడ మాత్రం ఒక తడి దుప్పటి తీసి అమ్మ నడుముకి ఏప్రను మీద చుట్టబెట్టి, నెమ్మదిగా బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళిందట.

ఇంటికొచ్చి అమ్మ ఇదంతా నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టింది. మెకానిక్కు తల గోక్కోవడం చేసి చూపించింది. చూపిస్తూ చూపిస్తూ మొహం గోడవైపు తిప్పుకుంది. “నేనింక మానేస్తా” అంది. “ఇస్త్రీ సెక్షనుకి వేస్తామన్నారు, అక్కడ మూటలెత్తే పనుండదు. అప్పటిదాకా ఓర్చుకుందామనుకున్నా. నావల్ల కాదు. ఇంట్లో కూచుంటా. ఎక్కడికీ రాను.” మీ దగ్గరికి రావడం గురించి కూడా అదే మాట అంది. అంతసేపు బస్సులో తన వల్ల కాదట. అమ్మ ఈ ఊళ్ళో తనకంటూ సంపాదించుకున్నది ఆ పని, పనిలో పొడుగావిడ స్నేహం. ఆ రెండూ వదులుకోవడానికి సిద్ధపడింది, నాన్నా. నేను పక్కన కూచుని, “వద్దమ్మా, అలా అనకు” అంటున్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

ఎందుకంటే డాక్టరమ్మకి మతుంది. తాళం పడింది నా నోటికే. ఆ గదిలో ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. రెండు కాగితాలు చింపేశాను, ఇది మూడోది.

డాక్టరమ్మది మధ్యవయసు. కళ్ళద్దాలు తాడుకట్టి మెళ్ళో వేలాడేసుకుంటుంది. ముందు నన్నే పలకరించింది, ఏం చదువుతున్నావని. నేను ఒక పొడుగాటి వాక్యంలో జవాబు చెప్పాను. తరగతిలో నేర్చుకున్న రెండు మంచి మాటలు కూడా అందులో కూర్చాను. ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. “ఎంత శుభ్రంగా మాట్లాడుతున్నావు! నువ్వు ఇక్కడే పుట్టావేమో అనుకున్నాను” అంది. “ఏమంటోందే?” అని అమ్మ నా మోచెయ్యి పొడిచింది. “నేను బాగా మాట్లాడుతున్నానంటోంది” అన్నాను. అమ్మ మొహం చూడాలి మీరు. నా నెత్తిన కిరీటం పెడుతున్నట్టే చూసింది.

తర్వాత అమ్మ చెప్పింది. బల్ల అంచు గోటితో గీస్తూ, తల వంచుకుని, గబగబా చెప్పింది. “బరువెత్తినా, దగ్గినా, తుమ్మినా మూత్రం ఆగట్లేదని చెప్పు. నవ్వినా అంతే. నవ్వడం మానేశానని చెప్పు. పనిలో తడిసిపోతానని నీళ్ళు తాగడం మానేశా, అందుకే కళ్ళు తిరుగుతున్నాయేమో అడుగు. సిగ్గేస్తోంది గాని, డాక్టరు దగ్గర సిగ్గేంటిలే.”

డాక్టరమ్మ నావైపు తిరిగింది. నేను చెప్పింది ఇది: “కళ్ళు తిరుగుతున్నాయట. నీరసంగా ఉంటోందట. పనిలో నీళ్ళు తాగడం కుదరడం లేదట.”

అమ్మ అంత సేపు చెప్పింది, నేను మూడు ముక్కల్లో తేల్చేశాను. అక్కడితో ఆగినా కొంత నయం. డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది, తక్కువగా ఉందంది. మళ్ళీ కూచుని నన్నే సూటిగా అడిగింది. మూత్రం విషయంలో ఏమైనా ఇబ్బంది ఉందా అని. మీరు మళ్ళీ చదవండి నాన్నా, ఆవిడ అడిగింది. నేను అమ్మవైపు తిరగనైనా తిరగకుండా, “లేదండీ, ఏమీ లేదు” అన్నాను.

ఆ మాట తెలియక కాదు. తరగతిలో ఒళ్ళు, జబ్బు గురించిన పాఠంలోనే ఉంది, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆవిడ ‘శుభ్రంగా’ అన్న తర్వాత, నా నోటినుంచి ఆ మాట రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఆవిడ కళ్ళలో నేను ఇక్కడే పుట్టిన పిల్లలా కనపడుతున్నాను. పక్కన లాండ్రీ చెప్పులతో, తడి గురించి మాట్లాడుతున్న అమ్మ ఉంది. ఆ రెంటినీ కలిపే మాట నేను చెప్పలేకపోయాను. ఇంతకంటే అందంగా చెప్పడానికి చూశాను, అది కూడా దాచడమే అవుతుంది. ఉన్నదున్నట్టు రాస్తే, నాకు అమ్మంటే సిగ్గేసింది.

కాబట్టి ఆ చీటీలో తప్పేమీ లేదు. కళ్ళు తిరిగే మనిషి, నీళ్ళు తాగని మనిషి, ఇంకే ఇబ్బందీ లేని మనిషి వస్తే ఏ డాక్టరైనా అదే రాస్తుంది. ఆవిడ నేను చెప్పిన అమ్మకి మందిచ్చింది. ఆ మందు తాగింది మాత్రం నిజం అమ్మ.

మీ ఉత్తరం చదివి వినిపించగానే అమ్మకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. “మీ నాన్న అన్నది నిజమే. డాక్టరైతే ఏంటి, తప్పు తప్పే. పద, అడిగేద్దాం. నేను చెప్పేది చెప్పినట్టు అను” అని చీర మార్చుకుంది. బస్స్టాపులో నిలబడి ఏమేం అనాలో రిహార్సలు వేసుకుంటోంది. “మొదట మర్యాదగా నమస్కారం పెట్టు. తర్వాత, అమ్మా, మీరు రాసిన నీళ్ళవల్ల నేను నలుగురిలో తలెత్తుకోలేకపోయాను, ఇదేం వైద్యం, అని అడుగు. మరీ గట్టిగా వద్దు. కానీ మెత్తగా కూడా వద్దు.”

ఏ పాపం ఎరగని ఆవిడని అమ్మచేత అలా అడిగిస్తే ఇంక నేను మనిషినే కాదనిపించింది. అక్కడే చెప్పేశాను. బస్స్టాపులో, జనం మధ్య. ఆవిడ అడిగిందనీ, నేను లేదన్నాననీ కూడా చెప్పాను.

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. రోడ్డువైపు చూస్తూ నెమ్మదిగా అంది. “ఆ మెకానిక్కు పాపం యంత్రమంతా విప్పాడు. రెండోసారి కూడా విప్పాడు. తప్పు దానిది కాదని తెలిసీ నేను నోరు మూసుకుని నిలబడ్డా. నీకు నా పోలికే వచ్చింది.”

అంతలో బస్సొచ్చింది. కూచున్నాక అడిగింది.

“ఆ మాటని ఇక్కడివాళ్ళు ఏమంటారు?”

“ఏ మాట?”

“నువ్వు మింగేసిన మాట.”

నేను చెవి దగ్గర చెప్పాను.

“వినపడలేదు.”

మళ్ళీ చెప్పాను.

“గట్టిగా చెప్పవే. గొడుగు గురించి రెండుసార్లు చదివావుట కదా, దీన్ని ఒక్కసారి సరిగ్గా పలకలేవా?”

పలికాను. అమ్మ అందుకుంది. పలకడం సరిగ్గా రాలేదు. మళ్ళీ అంది, ఇంకొంచెం గట్టిగా. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. కండక్టరు చూశాడు. “చూస్తే చూడనీ, వాళ్ళకి లేదా ఏంటి?” అంది అమ్మ. దిగేదాకా అదే మాట, అక్షరం కుదురుకునేదాకా, పలక మీద దిద్దినట్టు దిద్దింది. నా చెవులు కాలిపోతున్నాయి. అయినా ‘ఊరుకో అమ్మా’ అనే హక్కు నాకు లేదని తెలుసు. అమ్మ తప్పు పలికినప్పుడల్లా సరిదిద్దుతూ వచ్చాను.

ఆస్పత్రిలో మా వంతు రాగానే నేనూ లేచాను. అమ్మ నా భుజం మీద చెయ్యేసి కూచోబెట్టింది.

“నువ్వు బయటుండు.”

“ఎలా మాట్లాడతావమ్మా? నీకు వచ్చినవి నాలుగు మాటలు.”

“ఇప్పుడు అయిదు.”

తలుపు పడింది. నేను బెంచీ మీద కూచున్నాను. లోపల్నుంచి అమ్మ ఆ మాట అనడం వినపడింది. తర్వాత కుర్చీ ఎత్తి పెట్టిన చప్పుడు. మూట ఎత్తడం చూపించిందనుకుంటాను. తర్వాత దొంగ దగ్గు, దొంగ తుమ్ము. డాక్టరమ్మ ఏదో అడగడం, అమ్మ “ఆ, అదే, అదే” అని తెలుగులోనే బదులివ్వడం. ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వారు. అమ్మ మామూలు నవ్వు, గొంతులోంచి వచ్చేది. “అయ్యో” అని మధ్యలో ఆగింది, మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో వినపడి ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడు తట్టింది. అది ఎందుకు ఆగిపోయిందో తెలిసిన మొదటి మనిషిని నేను. తెలిసీ మింగేసిన దాన్నీ నేనే. నా మాటలన్నీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూచున్నాను, నాన్నా. ఒక్కటీ అక్కరకి రాలేదు.

డాక్టరమ్మ తలుపుదాకా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని సాగనంపింది. నన్ను చూసింది. ఈసారి నా భాష గురించి ఏమీ అనలేదు. నేను లేచి, “ఆ రోజు నేను మీకు సరిగ్గా చెప్పలేదు, క్షమించండి” అన్నాను. చిన్న వాక్యం, అందులో ఒక్క మంచి మాటా లేదు. “మీ అమ్మగారు చెప్పారులే” అంది.

“ఏమందమ్మా?” అని దారిలో అడిగాను.

“అడగాల్సింది అడిగింది, చెప్పాల్సింది చెప్పింది.”

“చీటీ ఒకసారి చూపించు, చదివి పెడతా.”

“బొమ్మలు వేసిచ్చింది. అర్థమవుతోందిలే” అని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

అందుకని కొత్త చీటీలో ఏముందో నేను మీకు రాయలేను. నాకు తెలిసింది ఇంతే. నీళ్ళ సీసా ఇంకా పనికి వెళ్తోంది. పొద్దున్నా సాయంత్రం అమ్మ వంటింట్లో కుర్చీ మీద నిటారుగా కూచుని, గోడవైపు చూస్తూ, లోలోపల ఏదో బిగబట్టి వదులుతోంది, బొమ్మల్లో చూపిన కసరత్తు కాబోలు. నేను వెళ్తే, “నీ చదువు చదువుకో” అంటుంది. కోపంగా కాదు, వచ్చినవాళ్ళని వాకిట్లోనే ఆపి మాట్లాడినట్టు. పని మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నిన్న డబ్బాలో పలహారం పెట్టుకుంది, అది మెకానిక్కుకట. అతనికి ఏం చెప్పిందో, చెప్పిందో లేదో నాకు తెలియదు.

ఇదంతా మీకు రాయనా అని అడిగాను. “నా ఒళ్ళు మీ నాన్నకి కొత్తా? రాసుకో. నువ్వు చేసింది మాత్రం ఒక్క ముక్క వదలకుండా రాయి” అంది. వదల్లేదనే అనుకుంటున్నాను. మీరు కోప్పడతారని తెలుసు, కోప్పడండి. డాక్టరమ్మని అన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకోండి. అవి నాకు రావలసినవి.

సెలవులకి వస్తామా రామా అన్నదానికి జవాబు నా దగ్గర లేదు. ఎప్పుడూ ఉత్తరం చివర అమ్మ చెప్పే కబుర్లు నేనే రాసేదాన్ని కదా, కొంచెం ఉప్పూకారం జల్లి. ఈసారి కాగితం ముందు పెట్టుకుని, “ఇప్పుడు చెప్పమ్మా” అన్నాను. “నావి నేనే రాసుకుంటాలే” అని ఒక కాగితం చింపుకుని పక్క గదిలోకి వెళ్ళింది. చాలాసేపటినుంచి రాస్తోంది. మధ్యలో ఏదో ఒక మాట ఎలా రాయాలో నన్ను అడుగుతుందేమోనని ఇక్కడ ఎదురుచూస్తున్నాను. ఇంతవరకూ అడగలేదు.

ఇట్లు,
నోరుండీ ఆ మాట చెప్పలేకపోయిన
మీ అమ్మాయి